డ్రైవరు తలుపు

పోయిన నెలలో ఒక ఉదయం పెద్దమ్మ మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి, కారు తలుపులకు కొత్త తాళాలు వేయించమంది. కారంటే ఇప్పటి కారు కాదు. మా పెద్దనాయన నడిపిన తెల్ల అంబాసిడర్. ఆయన పోయాక సూర్యాపేటలో మా ఇంటి రేకుల షెడ్డు కింద ఉంటోంది. అప్పుడప్పుడు తుడుస్తాను, స్టార్టు చేస్తాను, ఎవరైనా వస్తే చూపిస్తాను. ఎడమ తలుపు తాళం అరిగిపోయి, మలుపు తిరిగితే తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. దాన్ని మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. కుడివైపు డ్రైవరు తలుపు మాత్రం బయటి నుంచి తెరుచుకోదు. నా చిన్నతనం నుంచీ అంతే. దాన్ని ముట్టనివ్వనన్నాను. "అది పెద్దనాయన గుర్తు పెద్దమ్మా. అట్లనే ఉండనియ్యి" అన్నాను.  "రాయికి మొక్కొద్దని ఊరూరు తిరిగి చెప్పినోనివి, తుప్పువట్టిన తాళానికి మొక్కుతున్నవా బిడ్డా" అంది. పెద్దమ్మ మనవరాలు డ్రైవింగ్ నేర్చుకుంది. తాత కారు తనకే కావాలని పట్టుబట్టింది. ఆ పిల్ల చేతికిచ్చే ముందు రెండు తలుపులూ బాగుపడాలని పెద్దమ్మ పట్టు.

ఆ తలుపును నేనెందుకు అంతగా కాపాడుకున్నానో చెప్పాలంటే పెద్దనాయన గురించి కొంత చెప్పాలి. ఆయన సూర్యాపేటలో వకీలు. కోర్టులో కంటే ఊళ్ళలో ఎక్కువ వాదించేవాడు. ఆదివారం వచ్చిందంటే మోతెకో, కోదాడకో, మఠంపల్లి వైపో కారు తీసేవాడు. చేతబడి లేదని, దిష్టి లేదని, మంచి గడియ చెడ్డ గడియ అనేది మన పిరికితనానికి పెట్టుకున్న పేరని గొంతు బొంగురుపోయేదాకా చెప్పేవాడు. నాయనమ్మ ఆయన చూడకుండా కారు ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేది. ఆయన వాటిని విప్పుకొచ్చి, నిమ్మకాయను మజ్జిగలో పిండుకుని, మిరపకాయలను అన్నంలో నంజుకునేవాడు. "దిష్టంతా నా కడుపులకే పోయిందమ్మా, ఇగ కారుకేం భయం లేదు" అనేవాడు. మర్నాడు నాయనమ్మ మళ్ళీ కట్టేది. ఇద్దరూ అలసిపోయేవాళ్ళు కాదు. పాఠశాల సెలవుల్లో వాళ్ళింట్లోనే ఉండే నాకు అంతకన్నా మంచి వినోదం లేదు.

నాయనమ్మ గెలిచిన సంగతి ఒకటుంది. పెద్దల ముందు కోడలు మొగుడి సరసన కూర్చోగూడదని ఆ ఇంట్లో పద్ధతి. కారు వచ్చాక ఆ పద్ధతి కారులోకీ ఎక్కింది. పెద్దనాయన ముందు, అత్తాకోడళ్ళు వెనక. ఆయన పక్కన టిఫిన్ క్యారియరు కూర్చునేది, కరపత్రాల కట్టలు కూర్చునేవి, ఎవరూ లేకపోతే నేను కూర్చునేవాణ్ణి. స్త్రీలు మగవాళ్ళతో సమానమని వేదిక మీద గర్జించి దిగిన మనిషి, బయటికొచ్చి భార్యకు వెనక తలుపు తీసి పట్టుకునేవాడు. ఇంట్లో ఆయన వాదించకపోలేదు. శాస్త్రాన్ని, చరిత్రను, పక్కింటి పద్ధతులను అన్నిటినీ తెచ్చి పెట్టేవాడు. నాయనమ్మ ఆకు నములుతూ అంతా వినేది. "నువ్వు చెప్పింది మంచిగనే ఉంది కొడుకా. కోడలు మాత్రం ఎనకాలనే కూసుంటది" అనేది. పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడేది కాదు. అటు గాని ఇటు గాని.

ఒక వానాకాలంలో డ్రైవరు తలుపు అద్దం లోపలికి జారిపోయింది. దాన్ని బాగు చేయించిన తర్వాత ఆ తలుపు బయటి నుంచి తెరుచుకోవడం మానేసింది. పిడి లాగితే లాగినట్టే ఉండేది. లోపలి నుంచి తీస్తే చక్కగా తెరుచుకునేది. ముందు సీటు ఇప్పటి కార్లలో లాగా రెండు కుర్చీలు కాదు, బల్లలాగా ఒకటే. ఎడమవైపు ఎక్కి జరుక్కుంటూ వెళితే చాలు. కానీ పెద్దనాయన పొట్ట స్టీరింగు దాటి జరిగేది కాదు. నాయనమ్మకు మోకాళ్ళు సహకరించవు. నేనేమో సెలవులయ్యాక వెళ్ళిపోయేవాణ్ణి. కాబట్టి ఆ పని పెద్దమ్మ మీద పడింది. ఎడమవైపు ఎక్కడం, అటు జరిగి తలుపు తీయడం, మళ్ళీ ఇటు జరిగి దిగి, వెనక్కి పోయి అత్త పక్కన కూర్చోవడం. ఆగిన ప్రతి చోటా ఇదే. కోదాడలో ఒకసారి జోరు వానలో ఆమె అట్లా ఎక్కి దిగుతుంటే, వెనక తలుపులోంచి జల్లు కొట్టి నాయనమ్మ సగం తడిసింది. "ఆడనే కూసో పోరీ. ఎక్కుడు దిగుడు ఏందే, నన్ను నానవెడ్తున్నవ్. మల్ల నువ్వే గద తియ్యాలె" అంది. పెద్దమ్మ కూర్చుంది. ఆ తర్వాత ఎప్పుడూ వెనక్కి రాలేదు. ఎవరైనా ముక్కు మీద వేలేసుకుంటే నాయనమ్మే సమాధానం చెప్పేది. "తాళం చెడిపోయింది, మరి ఎట్ల?"

పెద్దనాయన మాత్రం దీన్ని తన వాదన సాధించిన విజయంగా సభల్లో చెప్పుకున్నాడు. మార్పు ఇంటి నుంచే మొదలైందనేవాడు. నేను పెద్దవాణ్ణయ్యాక, ఆయన బాటలోనే వ్యాసాలు రాస్తూ ఉపన్యాసాలిస్తూ, ఆ మాటను సరిదిద్దాను. ఆచారాన్ని కూలదోసేది వాదన కాదు, అవసరం. పెద్ద వకీలు నోటికి కానిది ఒక చెడిపోయిన తాళానికి అయింది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా సభలో చప్పట్లు పడేవి. అట్లా ఆ తలుపు నా వాదానికి సాక్షి అయింది. సాక్షిని ఎవరు వదులుకుంటారు?

అయినా పెద్దమ్మ మాట నెగ్గింది. పాత కార్ల విడిభాగాలు దొరుకుతాయని కోదాడలో ఒక మెకానిక్ షెడ్డుకు కారును తీసుకెళ్ళాను. పెద్దమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని మిర్యాలగూడ నుంచి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతోంది. మెకానిక్ గట్టి మాటకారి. "లోపల స్ప్రింగు పోయుంటదండీ. చూడకుండానే చెప్పేస్తా" అన్నాడు. తలుపు లోపలి అట్ట ఊడదీసి, లైటు వేసి చూసి, మళ్ళీ వంగి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"సార్, ఇది చెడిపోలేదండీ. ఎవరో కట్టేశారు."

బయటి పిడికీ తాళానికీ మధ్య ఉండాల్సిన సన్నటి కడ్డీని దాని రంధ్రంలోంచి తప్పించి, పక్కకు మలిచి, గుడ్డ పీలికతో కట్టి ఉంది. నల్లబడిన ఆ పీలిక అంచున పసుపు పోగులు ఇంకా తెలుస్తున్నాయి. నా మనసు ఒక్కసారిగా పొంగింది. "పెద్దమ్మా, చూసినవా, పెద్దనాయన ఎంత పని చేసిండో" అన్నాను.

పెద్దమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వింది. "మీ పెద్దనాయనకు గోడకు మొల కొట్టరాదు. ఆయన నోటితోని చేసే పనులు తప్ప ఏం చేసిండు? అది నా చీర అంచు."

అద్దం బాగు చేసేవాడు అట్ట ఊడదీసి, సామాను కోసమని వెళ్ళి మర్నాటిదాకా రాలేదట. వాకిట్లో తలుపు అట్లా బోసిగా ఉంటే, ఆమె పిడిని లాగి చూసిందట. లాగితే ఏది కదులుతుందో కనబడిందట. మర్నాడు వాడు అద్దమొక్కటే చూసుకుని అట్ట బిగించి పోయాడట.

"ఆయన చెప్పేటివి అందరికన్న ఎక్కువసార్లు ఇన్నది నేనే గద బిడ్డా, ఎనక సీట్ల కూసోని. నిజమే అనిపిచ్చింది. అట్లని నేను గూడ కొట్లాడితే మా అత్త ఓడిపోయినట్టయితది. ముసలామె ఓడిపోవద్దు, నేను ముందట కూసోవాలె. ఇగ ఏం జెయ్యాలె మరి?"

"పెద్దనాయనకు తెలుసా?"

"నేను చెప్పలే. తలుపు బాగు చేపిస్తనని ఆయన గూడ ఒక్కనాడు అనలే. ఎర్కనో ఏమో."

ఆయన తన వాదన గెలిచిందన్నాడు. నేను తాళం గెలిచిందన్నాను. ఇద్దరం ఇన్నేళ్ళు ఆ కారు గురించి మాట్లాడి, అందులో కూర్చున్న మనిషిని ఒక్కసారి అడగలేదు.

మెకానిక్ ఆ కడ్డీని మళ్ళీ తగిలించి చూశాడు. తాళం నిజంగానే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. "పాతదే నూనె పోసి ఉంచమంటారా, కొత్తది వేసేదా?" అన్నాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను. "కొత్తదే వెయ్యి. నా పిల్లకు ఇంకొకలు లోపల్నుంచి తలుపు తియ్యాల్సిన పనేముంది?" అంది. తాళాన్ని పాత ఇనుములో పడేశారు. నేను అడ్డు చెప్పలేదు.

సాయంత్రానికి పని అయింది. మనవరాలు బయటి నుంచి పిడి లాగింది. తలుపు తెరుచుకుంది. అదేమంత విశేషం కాదన్నట్టు ఎక్కి కూర్చుంది. నేను ముందు తలుపు తీసి పట్టుకుంటే, పెద్దమ్మ నన్ను దాటుకుని వెనక్కి నడిచింది. "ముందట కూసో పెద్దమ్మా" అన్నాను. "నువ్వు కూసో. నేను కాళ్ళు సాపుకుంటా. ఇప్పుడు నన్నెవలు కూసోవెడ్తున్నరు, నేనే కూసుంటున్న" అని వెనక తలుపు తనే వేసుకుంది.

కారు మిర్యాలగూడ దారి పట్టింది. రెండువైపులా వరి పొలాల మీద ఎండ తగ్గుతోంది. అద్దంలో చూస్తే పెద్దమ్మ కునుకు తీస్తోంది. కాలం మారిందని మనం తేలిగ్గా అనేస్తాం. ఎవరో ఒకరు లోపలికి చెయ్యి పెట్టి దాన్ని మార్చి, ఏమీ ఎరగనట్టు వచ్చి మన వెనక సీట్లో కూర్చుని ఉంటారు.