బుడిమిర్ బాబాయ్ స్వాగతం

మా సంఘంలోకి కొత్తగా ఎవరొచ్చినా మొదట చేయి కలిపేది బుడిమిర్ బాబాయే. కలిపిన చేతిని వెంటనే వదలడు. పట్టుకునే ఉండి, ఊరూ పేరూ అడుగుతూ అడుగుతూ ఆ వేళ్ళను తన ముక్కు దగ్గరకు తెచ్చుకుంటాడు. డీజిల్ వాసన వస్తే సరే. లేకపోతే ఆ మనిషి మీద ఆయన ఓ కన్నేసినట్టే. ఒకసారి యాగోదినా నుంచి పళ్ళ డాక్టరు ఒకాయన వచ్చాడు. తాతగారి లారీని ముచ్చటపడి బాగు చేయించుకుని తెచ్చాడు పాపం. ఆయన వేళ్ళు లవంగం వాసన కొట్టాయి.

"లారీ తోలేవాడి చేతికి లవంగం వాసనేంటి అమ్మాయ్? వీడెవడో మారువేషంలో వచ్చాడు" అని బాబాయ్ నా చెవిలో గొణిగాడు.

"పళ్ళ డాక్టరు బాబాయ్."

"అదే చెప్తున్నా. నోరు తెరిపించి బంగారం పీక్కుపోయే జాతి."

ఆ డాక్టరు మళ్ళీ మా ఛాయలకు రాలేదు.

నా పేరు దేసాంక. మా నాన్న పోయాక ఆయన పాత టామ్ కంపెనీ లారీ నాకొచ్చింది. దాంతో కట్టెలు తోలుకుని బతుకుతున్నాను. మొరావా నది ఒడ్డున మూతపడిన ఇటుకల ఫ్యాక్టరీ ఆవరణలో మేమంతా నెలనెలా మొదటి ఆదివారం కలుస్తాం. పాత లారీలున్న వాళ్ళం, వాటిని అమ్మడానికి మనసు రాని వాళ్ళం. బయట బోర్డు మీద 'పాత లారీల మిత్రసంఘం' అని ఉంటుంది. సంఘంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అందరికీ చిక్కుడుగింజలు వండే కుండ నా నెత్తిన పడింది. వండటం నాకు ఇష్టం లేదు. మా మగాళ్ళు వండింది తినడం అంతకన్నా ఇష్టం లేదు.

బోర్డు మీద 'మిత్ర' అని రాయించింది మా పెద్ద ల్యుబిసావ్. కొత్తవాడిని ఎలా చేర్చుకోవాలో ఆచారం కూడా ఆయన తరం వాళ్ళు పెట్టిందే. గేటు దగ్గర కొత్తవాడికి గుండ్రటి రొట్టె, నడిమధ్య ఉప్పు పెట్టి తువ్వాలు మీద అందిస్తారు. అతను ఓ ముక్క తుంచి, ఉప్పులో అద్దుకుని తింటాడు. తర్వాత తన లారీ తాళంచెవి ఆ రొట్టె పక్కన పెట్టి, రొట్టె అందించినవాడి తాళంచెవి తీసుకుంటాడు. ఆ లారీని గుట్ట మీది ఊట దాకా తోలుకెళ్ళి, కూజాతో నీళ్ళు పట్టుకొస్తాడు. ఆ నీళ్ళు అందరూ ఓ గుక్క తాగాక రాకియా సారా సీసా తెరుస్తారు. పరాయివాడి చేతికి బండి ఇచ్చామంటే ఇక వాడు పరాయివాడు కాడని అర్థం.

వినడానికి బాగుంది కదా. రొట్టె పని బుడిమిర్ బాబాయ్ చేతికి వచ్చినప్పటి నుంచీ ఒక్క కొత్తవాడు కూడా ఊట దాకా చేరలేదు. బాబాయ్ లారీ గేటు దాటుతుంది, ఎత్తు మొదలయ్యే చోట దగ్గుతుంది, అక్రోటు తోట దగ్గర ఆగిపోతుంది. కొత్తవాడు తల వంచుకుని నడిచి వస్తాడు. బాబాయ్ వెళ్ళి, బండి కింద దూరి ఏదో తట్టి, పది నిమిషాల్లో దర్జాగా తోలుకొస్తాడు. "నా బండికి మనిషి తెలుసు" అంటాడు. మేము నవ్వేవాళ్ళం. ఆగిన బండి దగ్గర ఒంటరిగా నిలబడినవాడు మాత్రం నవ్వేవాడు కాదు, రెండోసారి వచ్చేవాడూ కాదు. ఊటనీళ్ళ రుచి ఎలా ఉంటుందో నేనైతే మర్చిపోయాను.

ఆయన అనుమానానికి కారణం లేకపోలేదు. తొంభైల్లో, దేశం మీద ఆంక్షలు పడి డీజిల్ రాక జనం రోడ్ల పక్కన సీసాల్లో అమ్ముకున్న రోజుల్లో, బాబాయ్ తన మొదటి లారీని ఎవరికో పెళ్ళి సామాను తోలుకోవడానికి ఇచ్చాడు. అది తిరిగి రాలేదు. బొగ్గు తోలుతూ ఇల్లు నడిపిన మనిషి ఇదే ఫ్యాక్టరీలో ఇటుకల బండి తోశాడు. రెండో లారీ కొనేసరికి జుట్టు నెరిసింది. తీసుకెళ్ళింది ఎవరని అడిగితే చెప్పడు. ఎవడో దారినపోయేవాడని ఊరంతా అనుకుంది, ఆయన కాదనలేదు.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం మా సంఘాన్ని తినడం మొదలెట్టింది. పాతవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, కొత్తవాళ్ళు నిలవడం లేదు. ఏప్రిల్‌లో ల్యుబిసావ్ అందరి ముందే తేల్చేశాడు.

"ఒరేయ్ బుడిమిర్, వచ్చే నెల నెగోతిన్ నుంచి ఒకాయన వస్తున్నాడు. వాడు కూడా మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడనుకో, రొట్టె నీ చేతిలోంచి తీసి దేసాంకకి ఇస్తాను."

"నేనేం చేశాను? బండి ఆగితే నా తప్పా?"

"తప్పెవరిదో నాకు తెలీదు. వాడు నిలవాలి, అంతే."

బాబాయ్ మొహం చిన్నబోయింది. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. ఆదివారం తెల్లారగానే లేచి ఆ రొట్టె తనే కాలుస్తాడు, ఆ తువ్వాలు తనే ఇస్త్రీ చేసుకుంటాడు. నెలలో ఆ ఒక్క పూటే ఊళ్ళో ఆయన కోసం నలుగురు ఎదురుచూసేది. అది కూడా పోతుందేమోనని నాకు నిజంగా దిగులేసింది.

మే నెల మొదటి ఆదివారం వచ్చాడు ఆ నెగోతిన్ మనిషి. పేరు వెలిజార్, యాభై దాటి ఉంటాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, గడ్డం గీసుకుని ఉన్నాడు. నీలం టామ్ లారీ. ఎడమ తలుపు మాత్రం వేరే నీలం. బాబాయ్ రొట్టె అందించి, చేయి కలిపి, అలవాటుగా వేళ్ళు ముక్కు దాకా తెచ్చుకున్నాడు. తర్వాత బండిని చూసి ఎంతో ముచ్చటపడినట్టు ముందుభాగం మీద అరచెయ్యి ఆనించాడు. నేరుగా నా కుండ దగ్గరికి వచ్చాడు.

"చెయ్యి అగ్గిపుల్లల వాసన వస్తోంది. ఏం తగలబెట్టి వచ్చాడో. ఇంకో సంగతి విను. ఇంజను చల్లగా ఉంది. అంత దూరం నెగోతిన్ నుంచి వచ్చిన బండి అలా ఉంటుందా?"

"నెగోతిన్‌లో అందరూ ద్రాక్షసారా పీపాల్లో గంధకం పొగ పెడతారు బాబాయ్. అదే వాసన అయ్యుంటుంది."

"మరి ఇంజను?"

కుండలో గరిటె తిప్పుతూ నేనూ ఆ నీలం బండి వైపు చూశాను. ఆ వెలిజార్ వాలకం కూడా అనుమానంగానే ఉంది. ఎవరితో మాట్లాడుతున్నా చూపు తన లారీ మీదే. మా కుర్రాళ్ళు లోపల చూస్తామంటే తలుపు తియ్యలేదు. నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఈ చుట్టుపక్కల ఎవరి షెడ్డులోనైనా వాడకుండా పడున్న టామ్ ఉందా?" అని అడిగాడు. ఎడమ తలుపు కావాలట. ఒంటరి ముసలమ్మల షెడ్లు చూసి బండ్లు తుక్కుకు కొట్టేసేవాళ్ళు సరిగ్గా అలాగే అడుగుతారు. అంతవరకూ బాబాయ్‌ని ఎగతాళి చేసిన దాన్ని, నాకూ లోపల కొంచెం గుబులు పుట్టింది.

వేళయింది. వెలిజార్ జేబులోంచి తోలు ముక్కకు కట్టిన తాళంచెవి తీసి రొట్టె పక్కన పెట్టాడు. బాబాయ్ తనది ఇచ్చాడు. ల్యుబిసావ్ దుమ్ము తుడిచి కూజా చేతికిచ్చాడు. వెలిజార్ బాబాయ్ లారీ చుట్టూ ఓసారి తిరిగాడు. టైర్లు తన్ని చూశాడు, అవతలి పక్కన వంగి లేచాడు, రుమాలుతో చేతులు తుడుచుకుని ఎక్కాడు. లారీ కదిలి గేటు దాటింది. ఎత్తు మొదలయ్యే చోటుకి చేరింది. మేమంతా అలవాటుగా దగ్గు కోసం చూస్తున్నాం. లారీ దగ్గలేదు. అక్రోటు తోట దాటింది, మలుపు తిరిగింది, కనుమరుగైపోయింది.

బుడిమిర్ బాబాయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "పోయింది" అన్నాడు.

"ఏం పోయింది? ఊట దగ్గరికేగా వెళ్ళాడు" అన్నాడు ల్యుబిసావ్.

"ఆగాలి కదరా. ట్యాంకు కింద డీజిల్ కొళాయి మూసేసి ఉంచాను. గొట్టాల్లో ఉన్న డీజిల్ తోట దాకానే వస్తుంది. వాడు వంగి కొళాయి తెరిచాడు. దొంగ కాకపోతే కొళాయి సంగతి ఎందుకు చూస్తాడు?"

మాట బయటికి వచ్చేశాక గానీ తను ఏం చెప్పాడో ఆయనకి తెలియలేదు. ఇన్నేళ్ళూ బండికి మనిషి తెలుసని మేం నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ పళ్ళ డాక్టరు ఎర్రబడ్డ మొహంతో ఎండలో నడిచి రావడం నా కళ్ళ ముందు కదిలింది. నాకు చాలా కోపం వచ్చింది.

"అందరికీ ఇలాగే చేశావా?" అన్నాడు ల్యుబిసావ్.

"అందరికీ" అన్నాడు బాబాయ్.

ల్యుబిసావ్ రొట్టె, తువ్వాలు ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. బాబాయ్ అడ్డుకోలేదు. పోనీ వాడి బండి ఇక్కడే ఉంది కదా అని నేను తోలుముక్క తాళంచెవి తీసుకుని నీలం లారీ దగ్గరికి వెళ్ళాను. అది తలుపుకు పట్టలేదు. తిప్పి చూశాను, బోర్లించి చూశాను. అది అసలు లారీ తాళంచెవే కాదు. ఇంతసేపూ బాబాయ్‌ని తిట్టుకున్న వాళ్ళమంతా ఒక్కసారిగా ఆయన పక్షం చేరిపోయాం. ల్యుబిసావ్ తువ్వాలు భుజాన వేసుకుని పోలీసులకు ఫోన్ చెయ్యబోయాడు. గుట్ట మీది నుంచి లారీ చప్పుడు వినిపించింది.

వెలిజార్ మెల్లగా లోపలికి తోలుకొచ్చి, నిండు కూజా రెండు చేతులతో పట్టుకుని దిగాడు. మా మొహాలు చూసి ఆగిపోయాడు.

"నీ తాళంచెవి నీ బండికి పట్టట్లేదేం?" అన్నాడు ల్యుబిసావ్.

వెలిజార్ చెవులు ఎర్రబడ్డాయి. "పట్టదు. అది మా సారా పీపాల గదిది." చొక్కా లోపల మెడకు కట్టుకున్న దారం పైకి లాగి చూపించాడు. "అసలుది ఇదీ. మీరెవరో నాకు తెలీదన్నా. స్నేహం అనే మాట వినపడితే చాలు, నేను జేబు తడుముకుంటాను. నిన్న సాయంత్రమే వచ్చేశాను. గోడ అవతల ఆపుకుని, బండిలోనే పడుకుని, పొద్దున్నించీ గేటు సందులోంచి మీ అందర్నీ చూస్తూనే ఉన్నాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా.

వెలిజార్ బాబాయ్ వైపు తిరిగాడు. "కొళాయి ఎందుకు మూసుందన్నా? ఎక్కడైనా కారుతోందా?"

అందరం బాబాయ్ వైపు చూశాం. చెప్పాలంటే ఆయనే చెప్పాలి.

"కారట్లేదు" అన్నాడు బాబాయ్. "నువ్వు దొంగవనుకుని మూశాను. నీ ముందొచ్చిన వాళ్ళకీ మూశాను."

వెలిజార్‌కు కోపం రాలేదు. కూజా బల్ల మీద పెట్టి, "నేనైతే బ్యాటరీ కూడా పీకేసేవాణ్ణి" అన్నాడు.

దొందూ దొందే అనుకున్నాను. ఎవరో నవ్వారు కూడా. బాబాయ్ మాత్రం నవ్వలేదు, ఆ మనిషినే చూస్తున్నాడు.

"నిన్నెవడు ముంచాడు?"

"మా తమ్ముడు. వారం రోజులని నాన్న లారీ తీసుకెళ్ళి అమ్మేసుకున్నాడు. ఇప్పటికీ పండగలకి వస్తాడు, నా పక్కనే కూర్చుని తింటాడు. అమ్మ బాధపడుతుందని నేనేమీ అనను." బాబాయ్ వైపు చూసి అడిగాడు. "నిన్ను?"

బాబాయ్ బెంచీ మీద కూర్చున్నాడు. "నా కుమ్" అన్నాడు.

మా దగ్గర కుమ్ అంటే పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడేవాడు, రక్తసంబంధం కన్నా గట్టివాడు. కుమ్ మీద చెడుమాట చెప్పడం పాపం. బుడిమిర్ బాబాయ్ పెళ్ళికి ఎవరు నిలబడ్డారో ఊళ్ళో అందరికీ తెలుసు. మా ల్యుబిసావ్‌కు సొంత అన్న, మిలోయికో. ఆ తొంభైల్లోనే ఆస్ట్రియా వెళ్ళి అక్కడే పోయాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బాబాయ్ ఆ దొంగ పేరు బయటపెట్టలేక, ఇన్నేళ్ళూ వీధిన పోయేవాళ్ళందరినీ పట్టుకున్నాడు.

ల్యుబిసావ్ భుజం మీది తువ్వాలు తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతుల్లో నలిపాడు. తిరిగి బాబాయ్‌కి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.

"వద్దురా. నేను దీనికి పనికిరాను. అమ్మాయికే ఇవ్వు."

నేను తీసుకున్నాను. కూజా చేతులు మారింది. అందరూ తలా గుక్క తాగారు. ల్యుబిసావ్ మాత్రం తాగకుండా బాబాయ్ ఎదురుగా కూర్చుండిపోయాడు.

"ముప్పై ఏళ్ళు నాతో కలిసి ఎలా తిన్నావురా?"

"బండి తీసుకెళ్ళింది నువ్వు కాదు కదా" అన్నాడు బుడిమిర్ బాబాయ్, కూజా ఆయన వైపు జరుపుతూ.