నూరు శాతం చూపించిన ప్రాసెసర్

2023 ఎండాకాలం. రాయదుర్గంలో ఒక జీన్స్ కుట్టే యూనిట్‌లో నేను రాసిన ప్రోగ్రామ్ నడుస్తోంది. తక్కువ వృథాతో గుడ్డ మీద ప్యాంటు ముక్కలు ఎట్లా సర్దాలో చూపే పటాన్ని ఈ పనిలో మార్కర్ అంటారు. దాన్ని వెతకడం కంప్యూటర్‌కు పెద్ద చాకిరీ. అందుకే పనిని ముక్కలు చేసి పంచే ప్యారలల్ భాషలో రాసినాను. ప్రాసెసర్‌లో పదహారు కోర్లు, అంటే పదహారు పనిబల్లలు. ఒక్కోదాని దగ్గర ఒక వర్కర్ థ్రెడ్, అంటే కూలీ. పని లేనప్పుడు పడుకుంటాడు, రాగానే లేస్తాడు. ఇంత న్యాయమైన ఉద్యోగం నాకెప్పుడూ దొరకలేదు.

యజమాని రుద్రప్పకు అది నచ్చలేదు. తెర మీద ప్రాసెసర్ వాడకం నలభై శాతమే.

"ఏమప్పా, పదహారు మందిని పెట్టి సగం మందిని పండబెట్టినావే?"

"పని కోసం కాచుకోనుండారన్నా."

"నా షెడ్డులో మిషన్ ఆగితే ఊరుకుంటానా?"

ఊరుకోడు. అందుకే కోసిన ముక్కల కట్టలు రానప్పుడు కూడా ఆయన వస్తుంటే కుట్టే ఆడవాళ్లు గుడ్డ లేకుండానే మిషన్ తొక్కుతారు. నేనూ అదే చేసినాను. పనిలేని థ్రెడ్ పడుకోకుండా "పనొచ్చిందా, పనొచ్చిందా" అని అడుగుతూ తిరిగేటట్టు సెట్టింగు మార్చినాను. వాడకం నూరు శాతమైంది. రుద్రప్ప నాకు టీ తెప్పించినాడు.

మే నెలలో ఒక ఆర్డరుకు గుడ్డ సరిగ్గా లెక్కకే వచ్చింది. మరుసటి పొద్దున మార్కర్ రాగానే కోత. రేకుల షెడ్డు. ఉత్తినే తిరిగే థ్రెడ్లూ వేడి పుట్టిస్తాయి. ఆ వేడికి ప్రాసెసర్ కాలిపోకుండా తనే వేగం తగ్గించుకుంది. నిజంగా పని చేసే థ్రెడ్లూ నీరసించినాయి.

కటింగ్ మాస్టర్ మస్తానన్న అనంతపురంలో ఉన్న నాకు ఫోన్ చేసినాడు.

"గంటలో వస్తాదంటివి. మధ్యాన్నమాయె. యాడుండాదప్పా మార్కర్?"

"నూరు శాతం పనిచేస్తాండాదన్నా," అన్నాను. నా తెర మీద కనపడే అంకె చూసి చెప్పిన మాట అది. రాయదుర్గం పోయి చూడలేదు.

రుద్రప్ప తొందరపెడితే మస్తానన్న చేత్తోనే గీసి కోసినాడు. చివర్లో వెనక ముక్కలకు గుడ్డ చాలలేదు. అదే రంగు మళ్లీ దొరకలేదు. ఆర్డరు పోయింది. రేపట్నుంచి రావద్దని రుద్రప్ప మస్తానన్నకు ఆ సాయంత్రమే చెప్పినాడు.

మూడు దినాలకు పోయి, సెట్టింగు వెనక్కి మార్చి చూసినాను. మార్కర్ గంటలోపే వచ్చింది. రుద్రప్పతో తప్పు నాదని చెప్పినాను.

"నా కండ్లతో చూసినా కదప్పా, నూరు చూపిస్తాండె. మాస్టరుకే చూపు తగ్గినాది. నువ్వు మంచోడివి, వెనకేసుకొస్తాండావు."

మంచోడనే పేరుతో మస్తానన్న ఇంటికి పోయి, తప్పు నాదని చెప్పినాను.

"రుద్రప్పకు చెప్పినావా?"

"చెప్పినాన్నా. నమ్మలేదు."

"ఆ పొద్దే చెప్పింటే నమ్మునేమో. ఇప్పుడు కొత్త మాస్టరొచ్చినాడంట కదా."

వచ్చినాడు. కోత బల్ల దగ్గర నేను చూసినాను కూడా.

ఇది జరిగినాక నేను వాడకం చూడటం మానేసినాను. మార్కర్ ఎన్ని గంటలకు బల్ల మీదికి చేరిందో అదొక్కటే చూస్తాను. థ్రెడ్లు పడుకుంటే పడుకోనిస్తాను. ఇక తప్పు ఒప్పుకోవడమంటారా, ఎదుటి మనిషి ఇంకా ఉద్యోగంలో ఉండగానే దానికి విలువ. ఆ తర్వాత అది మన మనశ్శాంతికి తప్ప ఎందుకూ పనికిరాదు. నాకు దానిక్కూడా పనికిరాలేదు.