ముగ్గుపిండితో గీసిన ఇల్లు

చలిదేశాల ఇళ్ళ గురించి మా గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. మా మేనమామ పద్ధతి ఎందులోనూ లేదు. అందుకే రాసిపెడుతున్నాను.

మామ హార్స్‌లీ కొండ మీద చిన్న చిన్న ఇళ్ళు కట్టించేవాడు. ముందుగా నేల మీద ముగ్గుపిండితో గది గీసి, కిటికీలకు సందులు వదిలి, యజమానిని అందులో పడుకోమనేవాడు.

యుద్ధం రోజుల్లో చిత్తూరు వకీలు ఒకాయన నాలుగు వైపులా పెద్ద కిటికీలు కావాలన్నాడు. కాదంటే పని ఇంకొకరికిస్తానన్నాడు. ఆ ఏడు మామకు వేరే పని లేదు.

"అట్నే సామీ. ఒకసారి పండుకోండి, సూద్దాం" అన్నాడు మామ.

వకీలు నవ్వుతూ పడుకున్నాడు. పొద్దు వాలి, లోయలోంచి గాలి లేచింది.

"ఈ పక్క మూసెయ్యప్పా!"

మామ ఆ సందులో ముగ్గు పోశాడు. గీతకు గాలి ఆగుతుందా?

"ఆ పక్క గూడా! అబ్బా, కాళ్ళ తట్టు గూడా!"

చివరికి తల పక్క సందు ఒక్కటే మిగిలింది.

"ఇదీ మూసేదా సామీ?"

వకీలు అటు తిరిగి లోయను చూశాడు.

"దాన్ని ముట్టుకోవద్దు. పండుకున్నోడికి లోకమంతా కనపడతా ఉండాది."

ఈ కథ గుర్తుచేసిన సుబ్బమ్మత్తకు, ఆనాడు ముగ్గుపిండి మోసిన మునెప్పకు, మొన్న ఆ కిటికీ పక్కన నన్ను పడుకోనిచ్చి, తెల్లారినా లేపని వకీలుగారి కూతురు కమలకు నా కృతజ్ఞతలు.