ఒక్క పంక్తే అచ్చయిన పాటలు

పోయినవాటితోనే మొదలుపెడతాను. ఒకప్పుడు మేము ఒక వసారాలో కలిసి చదువుకున్న నవలలో పాటలు పందొమ్మిది. వాటిలో మూడు నా జ్ఞాపకంలోంచి ఆనవాలు లేకుండా పోయాయి. రెండింటికి రాగం మిగిలింది, మాటలు లేవు. ఆరింటికి మొదటి సగం ఉంది, తర్వాతి సగం లేదు. మొదటి నుంచి చివరిదాకా ఇప్పటికీ పాడగలిగినవి ఎనిమిది. పాటలతో పాటు పాడిన గొంతులు కూడా పోయాయి. ఆ వసారాలో కూర్చున్న ఏడుగురిలో ఇవాళ మిగిలింది ముగ్గురం. వసారా కూడా లేదు, ఆ జాగలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం వెలిసింది.

ఈ లెక్కంతా మొన్న మా చిన్న బిడ్డ పెట్టించింది. ఇక్కడే సిద్దిపేటలో ఎమ్మే తెలుగు చదువుతున్నది. మా కాలంలో చేతులు మారి మారి అట్ట ఊడిపోయిన నవలే ఇప్పుడు దానికి పాఠ్యపుస్తకమట, అందులో జనం పాటల పాత్ర ఏమిటో నాలుగు పేజీలు రాసుకు రమ్మన్నారట. గైడులో చూస్తే పల్లె వాతావరణం కోసం పాటలు వాడారని ఒక్క ముక్క ఉంది. నేను చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఒక్కో పాటకు ఒక్క పంక్తే వేసిండు. 'అంటూ పాడింది' అని ఆపేసిండు. గీ ఒక్క పంక్తి మీద నాలుగు పేజీలు ఏం రాయాలె?"

ఆ నవలను దానిలా ఒక్కదాన్నే కూర్చుని, పెదవులు కదపకుండా నేనెప్పుడూ చదవలేదు. నేను చదివింది ఆరుగురు ఆడవాళ్ల మధ్య, పైకి, గొంతెత్తి, బీడీలు చుట్టే చోట.

నేను దౌల్తాబాద్ దగ్గరి పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నా చదువు ఏడో తరగతి. లెక్కలంటే మాత్రం ఎవరూ నేర్పకుండానే ఇష్టం పుట్టింది, ఇప్పటికీ మా మహిళా సంఘం జమాఖర్చులు నేనే చూస్తాను. మాది మగ్గాల ఇల్లు, కానీ అప్పటికే ఇంట్లో మగ్గం మూలపడి, మగవాళ్లు కొందరు బొంబాయి దగ్గరి భివండీ మరమగ్గాలకు పోయి, ఆడవాళ్లం బీడీలకు మళ్లాం. పక్కింటి ముస్లిం ఆమెను అందరం ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. వాళ్ల వసారా విశాలంగా, చల్లగా ఉండేది కాబట్టి పొద్దున వంటలు కాగానే తునికాకు, తంబాకు, కత్తెరలు చాటల్లో పెట్టుకుని అక్కడికి చేరేవాళ్లం. మా అత్తమ్మ, మా వదిన అంటే మా ఆయన అక్క, ఇంటామె ఖాలా, నారాయణరావుపేట నుంచి వచ్చి స్థిరపడిన ఎదురింటి పెద్దమ్మ, మరో ఇద్దరు, నేను.

చదవడం నా వంతుకు వచ్చింది. చదివేదాని చేతులు పుస్తకానికే సరిపోతాయి కాబట్టి ఆ పూట దాని బీడీలు తక్కిన ఆరుగురు చుట్టాలన్నది అక్కడి కట్టుబాటు. ప్రతి ఒక్కరూ కట్ట కట్టినప్పుడల్లా రెండు మూడు బీడీలు నా చాటలోకి విసిరేవాళ్లు. లేకపోతే సాయంత్రం కార్ఖానాలో నా లెక్క తగ్గుతుంది, ఇంట్లో మాట వస్తుంది. ఖాలా అయితే నేను నీళ్లు తాగడానికి ఆగినా ఊరుకునేది కాదు.

"మా బీడీలు తింటున్నవ్ గద బేటీ, చదువు. నీళ్లు సాయంత్రం గూడ ఉంటయి."

మా ఆయన గ్రంథాలయం నుంచి తెచ్చిన ఆ నవల ఒక నేత కుటుంబపు కథ. అందులో మనుషులకు చెప్పరాని మాట వచ్చినప్పుడల్లా రచయిత వాళ్ల చేత పాట ఎత్తిస్తాడు. ఇద్దరు తోడికోడళ్లు మాటలు మానేస్తే ఒకామె విసుర్రాయి దగ్గర పాట ఎత్తుతుంది, రెండో ఆమె తప్పక అందుకుంటుంది, పగ అక్కడితో సరి. అచ్చులో ఉండేది మొదటి పంక్తి ఒక్కటే. నేను ఆ పంక్తి చదివి తర్వాతి వాక్యానికి పోబోతే మొదటి రోజే మా అత్తమ్మ ఆపింది. పాట మధ్యలో వదిలి ఎట్ల పోతవని అడిగింది. పుస్తకంలో లేదత్తమ్మా అంటే, లేకుంటే ఏంది మాకు రాదా అని, చేతిలోని ఆకు చుడుతూనే అందుకుంది. ఆరుగురూ కలిశారు. పాట అయ్యాకే కథ కదిలింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. పేజీలో ఒక్క పంక్తి ఉన్న చోట వసారాలో పావుగంట పాట నడిచేది. నేను గమనించిన సంగతి ఒకటి చెబుతాను. నాట్ల పాటలు వచ్చిన పూట కట్టలు ఎక్కువ తేలేవి, అప్పగింతల పాటలు వచ్చిన పూట తగ్గేవి, చేతులు గొంతు వెంటే పోయేవి. ఖాలాకు మన పాటలు అన్నీ రాకపోయినా రాగానికి కత్తెరతో తాళం వేసేది, తర్వాత దాని మీద ఉర్దూలో ఒక విసురు విసిరేది, అందరం నవ్వి మళ్లీ కథలోకి వచ్చేవాళ్లం.

ఆ రోజుల్లోనే మా వదిన బతుకు ఒక కొలిక్కి రావలసి వచ్చింది. ఆమె పెనిమిటి భివండీలో మరమగ్గం నడిపేవాడు. నాలుగేళ్లుగా మనిషి రాలేదు, కబురు లేదు. వదిన తల్లిగారింట్లోనే ఉండి, కార్ఖానాలో తన పేరు మీద పీఎఫ్ జమయ్యే బీడీ కార్డు చేయించుకుని, తన కాళ్ల మీద తాను నిలబడింది. భివండీలో అతనితో కలిసి ఆరుగురు మగవాళ్లు ఉండే గదిలో వండిపెట్టే ముసలామె చనిపోయిందట. అప్పుడు గుర్తొచ్చింది భార్య. ఆదివారం పెనిమిటి అన్న వస్తాడని, వదినను బట్టలు సర్దుకుని సిద్ధంగా ఉండమని కబురు వచ్చింది. వెళితే కార్డు పోతుంది, వెళ్లకపోతే వాడకట్టు నోళ్లు ఊరుకోవు. మా అత్తమ్మ వెళ్లమనే పట్టుదల మీద ఉంది. వదిన అవుననలేదు, కాదనలేదు. ముందుకంటే వేగంగా బీడీలు చుట్టింది.

శుక్రవారం నాడు మేము చేరిన అధ్యాయం సరిగ్గా అలాంటిదే కావడం రచయిత చేసింది కాదు, మేము చేసింది కాదు. నవలలో పెద్ద బిడ్డను అత్తవారు మళ్లీ తీసుకుపోవడానికి వస్తారు. మేనమామలు మంచాల మీద కూర్చుని నీ మాట ఏమిటని అడుగుతారు. ఆమె గడప లోపల నిలబడి జవాబు చెప్పదు. 'వాకిట్లో కచ్చురం వచ్చి నిలిచింది' అని సన్నగా పాడుకుంటుంది. కచ్చురమంటే తెలుసు కదా, ఆడవాళ్లు ప్రయాణం చేసే గూడు బండి. అంతే, అధ్యాయం అయిపోయింది. తర్వాతి అధ్యాయం ఏడేళ్ల తర్వాతి కథ. ఆమె వెళ్లిందో ఉండిపోయిందో రచయిత ఎక్కడా చెప్పడు. పాట తెలిసినవాళ్లకు జవాబు తెలుస్తుందని ఆయన నమ్మకం.

మా అత్తమ్మ పాట అందుకుంది. ఆమె పాటలో ఆ ఇల్లాలు తలకు నూనె రాసుకుని, కొంగున బియ్యం ముడి వేసుకుని, తల్లి కాళ్లు మొక్కి కచ్చురం ఎక్కుతుంది. చివరి చరణం ఆమె వదిన వైపు చూస్తూ, కొంచెం గట్టిగానే పాడింది. పాట ఆగీ ఆగకముందే ఎదురింటి పెద్దమ్మ అడ్డుపడింది.

"గట్ల కాదొదినె. బండెక్కదామె. ఎద్దులకు కుడితి వెట్టి, బండిని ఎనుకకు మలుపుతది. మా నారాయణరావుపేటల చిన్నప్పటి సంది గిట్లనే పాడుతం."

"మీ ఊర్ల పాటలు గూడ అత్తగారింటికి పోవా?"

"పోవాల్సిన ఇల్లైతె పోతయి."

ఇద్దరి మధ్య ఖాలా కత్తెర పైకెత్తింది.

"అరే లడాయి ఎందుకు? మా దిక్కైతే బండివాలాకు ఒక చాయ్ తాపుతం, ఇంకో చాయ్ తాపుతం, పొద్దు గూకేదాక కూసోబెడ్తం. ఎద్దులే విసిగి ఎల్లిపోతయి."

అందరూ నవ్వారు, వదిన కూడా నవ్వింది. ఎవరి పాట సరైనదో ఆమెనే చెప్పమన్నారు. ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టి, కత్తిరించి, నా చాటలో వేసి, తల ఎత్తకుండా అదే రాగంలో పాడింది:

"ఎద్దులొచ్చె, బండొచ్చె, తోలెటోడొచ్చె
పంపినోనికి లేవ నడిచొచ్చె కాళ్లు"

ఆ పైన ఇంకో రెండు పంక్తులు పాడింది. అతనే నడిచి వస్తే ఏం చేస్తుందో ఆ రెండింట్లో చెప్పిందని గుర్తుంది, మాటలు గుర్తు లేవు. మొదటి రెండు పంక్తులు చెవిన పడ్డాక నా చెవి అక్కడే ఆగిపోయింది కాబోలు. మొత్తం నాలుగు పంక్తులని మాత్రం గట్టిగా చెప్పగలను. పాట నడుస్తుండగా చేతులు ఆగిపోవడం ఆ వసారాలో నేను చూసింది ఆ ఒక్కసారే. కాసేపటికి మా అత్తమ్మ తంబాకు సర్దుకుంటూ అడిగింది.

"గది ఏ ఊరి పాటనే?"

"గీ ఊరిదే అవ్వా. గీ వాడదే."

శనివారం మా అత్తమ్మ పెట్టె సర్దలేదు, వదినను సర్దమనీ అనలేదు. ఆదివారం వదిన వాళ్ల బావ రానే వచ్చాడు, మా ఇంటి పెద్దలు ఇద్దరు కూర్చున్నారు. నవలలో బిడ్డలా వదిన గడప లోపల నిలబడలేదు, మంచినీళ్ల చెంబు తీసుకుని బయటికే వచ్చింది.

"ఆయనకు కాళ్లు బాగనే ఉన్నయి గద బావా. ఆయన్నే వచ్చి నన్నడుగుమను. నువ్వైతే అన్నం తిని పో, పప్పు ఉడికింది."

పెద్దలు మా అత్తమ్మ ముఖం చూశారు. ఆమె లోపలికి వెళ్లి విస్తరాకు కడిగి తెచ్చి బావ ముందు వేసింది. దానితో మాట ముగిసింది. ఆ మనిషి కూడా మంచివాడే, కడుపునిండా తిని ఒక్కడే బస్సెక్కాడు. వానలు వెలిశాక ఆ భివండీ మనిషి బస్టాండు నుంచి నడిచి వచ్చి వసారా ముందు నిలబడ్డాడు. పది రోజులుండి పోయాడు, మళ్లీ వచ్చాడు, మూడోసారి తన రేకు పెట్టె తెచ్చుకున్నాడు. ఇక్కడే ఆటో నడుపుకుంటూ వదినతో కాపురం చేసి, కొన్నేళ్ల కింద కాలం చేశాడు. వదిన కార్డు పోలేదు, ఇప్పుడు దాని మీదే పింఛను వస్తున్నది.

ఇదంతా చెప్పేసరికి చిక్కుడుకాయలు అయిపోయాయి, మా బిడ్డ నాలుగు పేజీల సంగతి మరిచి నన్నే చూస్తూ కూర్చుంది. రచయిత మొదటి పంక్తి మాత్రమే వేసింది సోమరితనం కాదు, మిగతాది చదివేవాళ్ల నోట ఉందన్న ధీమా అని దానికి చెప్పాను. ఒక ఊరి నోట ఆ బిడ్డ వెళ్లిపోయింది, ఇంకో ఊరి నోట ఉండిపోయింది, మా వసారాలో షరతు పెట్టింది. ఒక్క నవల మూడు నవలలైంది. పాటలు వాతావరణం కోసమన్నవాళ్లు వాటిని ఆ ఒక్క పంక్తి దగ్గరే వదిలి పేజీ తిప్పినవాళ్లు. నా లాంటివాళ్లకు కథ ఆ ఖాళీలోనే జరిగింది.

మా బిడ్డకు ఇప్పుడు వదిన పాటలో ఆ మిగిలిన రెండు పంక్తులూ కావాలట. ఇద్దరం కలిసి రెండు వీధుల అవతల ఉన్న వదిన దగ్గరికి వెళ్లాం. ఆమె మంచం మీద కూర్చుని ఫోనులో ఏదో సీరియలు చూస్తున్నది. మేనకోడలు అడిగితే ఫోను పక్కన పెట్టింది.

"నేనా? నేనెప్పుడు పాడిన బిడ్డా?"

నేను రాగం అందించాను. మొదటి రెండు పంక్తులూ పాడి వినిపించాను. ఆమె వింటూ తల ఊపింది, బాగుందన్నది, ఎవరో పాడిన పాట విన్నట్టే విన్నది.

"అప్పుడు నాకు అక్కెరుండె, వచ్చింది. ఆయన వచ్చిండు, అక్కెర తీరింది. ఇగ ఇప్పుడెక్కడికెల్లి తెమ్మంటవ్?"

తిరిగి వస్తూ కోమటి చెరువు కట్ట మీదుగా నడిచాం. సాయంత్రం నడకకు వచ్చే ఆడవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు, దాదాపు అందరి చెవుల్లో ఏదో ఒక పాట మోగుతూనే ఉంటుంది. పాటలు తగ్గాయని అనను. మా రోజుల కంటే ఎక్కువే వింటున్నారు, మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట తప్పకుండా వస్తాయి అవి. కానీ ఎవరి చెవిలోది వాళ్లది, పక్కన నడిచే మనిషికి అందదు, అందుకుని మలుపు తిప్పే వీలు లేదు, కాదు మా ఊర్లో ఇట్ల పాడుతమని తగువు పడే వీలు అంతకన్నా లేదు. పుస్తకాలు కూడా అలాగే చదువుతున్నాం, ఎవరి గదిలో వాళ్లం. మొన్న రాత్రి నేనూ ఆ నవలను పెదవులు కదపకుండా చదివి చూశాను. కచ్చురం పాట దగ్గరికి రాగానే అలవాటుగా ఆగాను. ఇంట్లో ఎవరూ అందుకోలేదు. పేజీ తిప్పితే ఏడేళ్లు గడిచిపోయాయి.

మా బిడ్డ తన నాలుగు పేజీలు రాసుకుంది, గైడులో లేనివే రాసింది. మధ్యలో వాళ్ల మేనత్త పాట రాసి, కింద కొంత జాగ వదిలిపెట్టింది. వసారాలో మిగిలిన ముగ్గురిలో మూడో ఆమెను అడిగాను, ఎవరికైనా తడితే చెప్పమని సంఘం సమావేశంలో అడిగాను, పెద్దమ్మ మనవరాళ్లను అడిగాను, ఖాలా కోడలిని అడిగాను. రాగం అందరికీ నచ్చింది, మాటలు ఎవరి దగ్గరా లేవు. పందొమ్మిది పాటల్లో పోయినవాటికి నేను అంతగా బెంగపడను, అవి ఏ ఊరిలోనో ఎవరి నోటనో ఉండే ఉంటాయి. ఇది మాత్రం ఒక్కచోట, ఒక్కసారే పుట్టింది. ఆ నవలకు మా వసారా ఇవ్వవలసినవి, ఈ రోజుకు, రెండు పంక్తులు.