పదకొండు బొట్ల పుస్తకం

మా మందుల కొట్లో పనిచేసే సాయిపద్మంటే నాకు మొదట్లో ఒళ్ళు మంట. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎవరో చెప్పగా మీరు వినేకంటే నా నోటితో నేను ఒప్పుకోవడమే మర్యాద.

నా పేరు వాసవీకుమారి. బరంపురం పెద్ద బజారులో మా మామగారు కూర్మారావుగారు పెట్టిన కొట్టు మాది. ఆయన పోయాక మా ఆయన రవికాంత్ హోల్‌సేల్ గోడౌను చూసుకుంటున్నారు, కొట్లో నేను కూర్చుంటున్నాను. మందుల చదువు నాది కాదు. లైసెన్సు ప్రకారం ఆ చదువు చదివిన మనిషి కొట్లో ఉండాలి. ఆ మనిషే సాయిపద్మ. ఇచ్ఛాపురం పక్కన, సరిహద్దుకి ఒడిశా వైపున్న పల్లె ఆమెది. అమ్మా నాన్నా కూలికి వెళ్ళి చదివించారు. భంజనగర్‌లో ఓ కొట్లో పదేళ్ళు చేసి, ఐదేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చింది. పొడుగు మనిషి, నూనె పెట్టి బిగించిన జడ, పొదుపు మాట. ఒక్క పూట ఆలస్యంగా రాలేదు, ఒక్క మాత్ర తేడా చెయ్యలేదు. అయినా ఆమెకున్న ఒక్క అలవాటు నా ప్రాణం తీసేది.

ఎవరేం అడిగినా ఠక్కున చెప్పదు. "ఈ మాత్ర అన్నానికి ముందా, తర్వాతా?" అంటే, "ఉండండి, సూసి సెప్తాను" అని వెనక్కి వెళ్ళి పుస్తకం తెరుస్తుంది. వేలు పెట్టి చదువుతుంది. తిరిగొచ్చి చెబుతుంది. నిన్న అదే మందు గురించి అడిగినా సరే, ఇవాళ మళ్ళీ చూడాల్సిందే. ఈలోగా గోపాలపూర్ బస్సుకి వెళ్ళాల్సినవాడు "అపా, జల్దీ, జల్దీ" అని, అక్కా తొందరగా అని ఒడియాలో హడావిడి పెడుతూ కౌంటరు మీద తాళాలు కొడుతుంటాడు. వీధి చివర కొట్టువాడైతే చీటీ చూడకుండానే చేతిలో పెట్టేస్తాడు.

ఓసారి కొడల నుంచి వచ్చిన ముసలాయన నా మొహం మీదే అడిగాడు. "ఏటి వాసవమ్మా, ఈవిడికి రాదేటి? పుస్తకం సూసి మందిస్తంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్ళగానే విరుచుకుపడ్డాను. "ఏటమ్మా పద్మా, నీ చదువంతా ఏటైపోయింది? నలుగుర్లో నా పరువు తీస్తన్నావు."

సాయిపద్మ మాత్రలు సర్దుతూనే జవాబిచ్చింది. "వచ్చు అనుకున్న రోజే తప్పు జరుగుద్దమ్మగారూ. భంజనగర్లో నాకు పని నేర్పినాయనకి డెబ్భై ఏళ్ళు. ఆయనా సూసే సెప్పేవోడు."

ఆ కోపం ఇంటికెళ్ళి వంటగిన్నెల మీద చూపించాను. అత్తమీద కోపం దుత్తమీద అంటారుగానీ, ఆ రోజు మా అత్తగారి తప్పేం లేదు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మామగారు చివరి ఏళ్ళల్లో కొన్న లావుపాటి పుస్తకం, ఏ మందు దేనికి, ఎంత, ఎవరికి ఇవ్వకూడదు అన్నీ అందులో ఉంటాయి. మా ఇళ్ళల్లో దసరాకి త్రాసుకీ కత్తెరకీ పసుపు రాసి బొట్టు పెడతాం. మామగారు ఈ పుస్తకానికి కూడా అట్టమీద తడికుంకుమ బొట్టు పెట్టేవారు. బొట్టు తుడవకూడదు, మరుసటి దసరాకి పక్కన ఇంకోటి పెట్టాలి. ఆయన పోయాక మా అత్తగారు జయలక్ష్మి దసరా నాడు కొట్టుకొచ్చి ఆ పని చేసేది. అట్ట మీద బొట్లు వరసగా, ఆరిపోయి, నల్లబడి ఉండేవి.

కిందటేడు దసరా పూజవగానే సాయిపద్మ ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని బొట్లు లెక్కపెట్టింది. "పదకొండమ్మగారూ. అంటే దీనికి పదకొండేళ్ళు. ఈలోగా ఎన్ని కొత్త మందులొచ్చినాయో, ఎన్ని ఆపీమన్నారో దీనికేటీ తెల్దు. నాలుగేళ్ళుగా మీకు సెప్తనే ఉన్నాను. కొత్తది కొనాల."

నిజమే, చెబుతూనే ఉంది. నేనే వినలేదు. అత్తగారు అక్కడే కూర్చుని ఉంది. "దేముడి కాడెట్టిన పుస్తకం పాతదవుద్దేటే? ఆయన సేత్తో ఐదు బొట్లెట్టినాడు. నేనుండగా దాన్ని కదపడానికి నేదు" అంది.

"ఫోన్లో ఉన్నాయిగా పద్మా అన్నీ" అన్నాను, మధ్యేమార్గంగా.

"ఫోన్లో ఒకే మందుకి మూడు రకాలుగా సెప్తన్నారు. ఎవుడు రాసినాడో తెల్దు, ఎప్పుడు రాసినాడో తెల్దు."

చివరికి పాతది కదపకుండా కొత్తది కూడా కొనే ఒప్పందానికి వచ్చాం. ఆ వారమే మెడికల్ కాలేజీ ఎదుట పుస్తకాల కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. పది నిమిషాల పని అనుకున్నాను. రెండు గంటలు పట్టింది. కూరల బండి దగ్గర బెండకాయ కొన విరిచి చూసే మనిషిలా ఒక్కో పుస్తకాన్ని విరిచి చూసింది.

మొదటిది రంగురంగుల బొమ్మలతో కళ్ళు చెదిరేలా ఉంది. నాకు తెగ నచ్చింది. సాయిపద్మ ఓ పేజీ తెరిచి, చదివి, మూసేసింది. "ఇది మందుల కంపెనీవోళ్ళు ఏయించింది. ఆళ్ళ మందుకి నాలుగు పేజీల పొగడ్త, కీడు మాత్రం రెండు ముక్కలు. కాకిపిల్ల కాకికి ముద్దు." రెండోదాంట్లో వేల పేర్లున్నాయి, పేరు పక్కన కంపెనీ, ధర. "పెళ్ళి పిలుపుల జాబితాలాగుంది. ఎవరున్నారో సెప్తాది గానీ ఎవుడెలాటోడో సెప్పదు" అని అదీ పక్కన పెట్టింది.

మూడోది చూస్తే నాకు ఏడుపొచ్చింది. బూడిదరంగు అట్ట, చీమల్లాంటి అక్షరాలు, బొమ్మ అన్నదే లేదు. సాయిపద్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ముందు తనకి బాగా తెలిసిన మందు ఒకటి తీసి చదివింది.

"తెలిసిందే మళ్ళీ చదువుతావేటి?" అన్నాను.

"తెలిసినదాంట్లో తప్పు సెప్తే, తెలీనిదాంట్లో ఏటి నిజం సెప్తాదమ్మగారూ?"

తర్వాత పిల్లలకి ఇవ్వకూడదని ప్రభుత్వం ఆపిన మందొకటి తీసి, ఆ మాట అందులో ఉందా అని చూసింది. ఉంది. కొత్తగా వచ్చినదొకటి వెతికింది. ఉంది. ముసలివాళ్ళకి ఎంత, కిడ్నీ చెడితే ఎంత, ఏ మందుతో ఏది పడదు, రోగికి ఏం చెప్పి పంపాలి, అన్నీ వేలితో తడిమింది. రాసిన డాక్టర్ల పేర్లు చూసింది. ఏ ఏడు అచ్చయిందో చూసి, "ఏటా కొత్తది ఏస్తారా?" అని కొట్టాయన్ని అడిగింది. ఆయన అవునన్నాక, ఇదే అంది. నాకు అట్ట నచ్చలేదని ఇంకోసారి చెప్పుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ బూడిదరంగు పుస్తకానికి అత్తగారు మా కొట్లో అలమర మీద చోటివ్వలేదు. కౌంటరు కింద, దూది పొట్లాల పక్కన పెట్టుకుంది సాయిపద్మ.

కార్తీకం వచ్చింది. అత్తగారికి డెబ్భై రెండేళ్ళు, షుగరు. అయినా కార్తీక సోమవారం ఉపవాసం మానదు, చుక్క కనబడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టదు. అంతకి రెండు నెలల ముందు విశాఖలో చూపించినప్పుడు డాక్టరుగారు కొత్తరకం షుగరు బిళ్ళ రాశారు. మూడు నెలలకి సరిపడా అక్కడే కొనేశాం. మందుల కొట్టువాళ్ళ ఇంట్లో మందు గురించి ఎవరూ చదవరు. పెరటిచెట్టు మందుకి పనికిరాదన్న సామెత మా కోసమే పుట్టింది. ఉపవాసం ఉంటానని ఆవిడ డాక్టరుకి చెప్పనూ లేదు. "దేముడికీ నాకూ మజ్జిన డాకటరేటి?" అనేది.

మూడో సోమవారం పొద్దున్న ఆ బిళ్ళ ఒక్కటి గుక్కెడు నీళ్ళతో వేసుకుని ఉపవాసం ఉంది. రాత్రి చుక్క చూశాక కూడా వికారంగా ఉందని అరటిపండు ముక్కతో సరిపెట్టింది. మంగళవారం పొద్దున్న మళ్ళీ బిళ్ళ వేసుకుంది. పది గంటలకి వాంతులు మొదలయ్యాయి. కడుపునొప్పి అంది. మిషన్‌తో షుగరు చూస్తే నూట డెబ్భై. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఖాళీ కడుపున గ్యాసు పట్టిందని తీర్మానించాం. వాంతుల మాత్రా గ్యాసు మాత్రా తెమ్మని మా ఆయన నన్ను కొట్టుకి పంపారు.

"తొందరగా ఇయ్యి, అత్తగారికి వాంతులు" అన్నాను.

సాయిపద్మ ఇవ్వలేదు. "ఆవిడ ఇంకేం మందులు ఏసుకుంటన్నారు?"

"పద్మా, ఇది ఇంటి మనిషికి. ఇక్కడా నీ పరీక్షలేనా? సుగరు బాగానే ఉంది."

"ఆయాసముందా?"

ఆ మాటతో గుర్తొచ్చి తలూపాను. ఉంది. పొద్దుటినుంచీ ఊపిరి గబగబా తీస్తోంది. వాంతుల అలసటనుకున్నాం.

మా ఆయనకి ఫోన్ చేయించి, బిళ్ళల అట్ట ఫొటో తెప్పించుకుంది. పేరు చదివింది, డాపాగ్లిఫ్లోజిన్. కౌంటరు కిందనించి బూడిదరంగు పుస్తకం తీసింది. వేలు పెట్టి చదవసాగింది. ఎదురుగా నలుగురు బేరగాళ్ళున్నారు, ఎవరినీ చూడలేదు. నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

తలెత్తేసరికి ఆమె మొహం మారిపోయింది. "అమ్మగారూ, గ్యాసు కాదనిపిస్తంది. పస్తున్నప్పుడు, నీళ్ళు తాగనప్పుడు ఈ బిళ్ళతో రక్తంలో ఆమ్లం పేరుకోవచ్చంట. అరుదేగానీ పానం మీదకొస్తాది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. సుగరు మామూలుగానే కనబడొచ్చని రాసినారు. అందుకే మోసపోతారు. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెల్లిపోండి. ఈ బిళ్ళ ఏసుకుంటన్నారని, ఉపవాసం ఉన్నారని ముందే సెప్పండి. రక్తంలో కీటోన్లు, అంటే ఆ ఆమ్లం, ఉన్నాయేటో సూడమనండి."

పేజీలో దూదిముక్క గుర్తుపెట్టి, ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. "మీరు మర్సిపోతారు. ఇది పట్టుకెల్లండి."

ఆటోలో అత్తగారి తల నా భుజం మీద వాలిపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడతో నేను పోట్లాడని రోజు లేదు. ఆ దారంతా మాత్రం, దేవుడా, ఇంకో ఇరవై ఏళ్ళు నన్ను తిట్టనీ అని మొక్కుకున్నాను. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు. నేను తడబడుతూ చెప్పి పుస్తకం తెరిచి చూపిస్తే, నవ్వలేదు, విసుక్కోలేదు. వెంటనే రక్తం తీయించాడు. ఆమ్లమే పేరుకుందని తేలి, గంటలో ఆవిడని ఐసీయూ లోపలికి తీసుకెళ్ళిపోయారు.

నాలుగు రోజులు లోపలే ఉంది. ఐదోరోజు బయటికొచ్చాక ఆ డాక్టరు చెప్పాడు. "బిళ్ళ మంచిదేనండీ, ఎంతోమందికి మేలు చేస్తోంది. కానీ ఉపవాసముంటే ముందుగా డాక్టర్ని అడగాలి. మీరు గ్యాసు మాత్రలిచ్చి సాయంత్రందాకా ఆగుంటే నేనేం చెప్పగలిగేవాణ్ణో తెలీదు. మీకు ఈ సంగతి చెప్పిందెవరు?"

"మా కొట్లో మనిషి" అన్నాను.

తర్వాత ఓ మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు పదకొండు బొట్ల పుస్తకం దించి, ఆ మందు పేరు వెతికాను. లేదు. వెనక పేర్ల పట్టీలో చూశాను, అక్కడా లేదు. ఆ మందు మన దేశానికి రాకముందే అచ్చయిన పుస్తకం అది. మేం దానికి ఏడాదికోసారి దండం పెడుతూ వచ్చాం. సాయిపద్మ చేతులు పట్టుకుని, "తప్పయిపోయిందమ్మా, నీకు రుణపడిపోయాను" అన్నాను. ఆమె సిగ్గుపడి, "నాదేటుందమ్మగారూ, పుస్తకంలో ఉన్నాది" అంది.

మొన్న దసరాకి అత్తగారు కొట్టుకొచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తోంది గానీ నోటికి మాత్రం కర్ర అక్కర్లేదు. పాత పుస్తకాన్ని తనే దించి, ఇంట్లో మామగారి ఫొటో పక్కన పెట్టడానికి సంచిలో వేసుకుంది. ఈ ఏటి కొత్త అచ్చు సాయిపద్మ ముందే తెప్పించింది, అదే బూడిదరంగు అట్ట. అత్తగారు దాన్ని అలమర మీద పెట్టించి, బొట్టు పెట్టి, నావైపు తిరిగింది. "ఒసే, దీనికి రెండో బొట్టు పడితే నీ పని సెప్తాను. ఏటా కొత్తది కొను."

అప్పుడే కొడల ముసలాయన చీటీ పట్టుకుని వచ్చాడు, రెండు రకాల మాత్రలు కలిపి వేసుకోవచ్చా అని అడుగుతూ. సాయిపద్మ మామూలుగానే, "ఉండండి, సూసి సెప్తాను" అని వెనక్కి వెళ్ళింది.

ఆయన నావైపు చూసి పెదవి విరిచాడు. "ఇప్పటికీ రాదేటి ఈవిడికి?"

నేను నోరు తెరిచేలోపే, బల్ల మీద కూర్చున్న అత్తగారు కర్ర నేల మీద ఆనించి చెప్పింది. "రాదు నాయినా. రాదని తెలుసు గాబట్టి సూస్తాది. అది సూసింది గాబట్టే నేనిక్కడ కూకున్నాను. నువ్వూ కూకో."

ఆయన కూర్చున్నాడు.