మోకు తెగిన తర్వాత

మొన్న సిద్దిపేట అంగట్లో మోకులమ్మే దుకాణం పక్కనుంచి నడుస్తుంటే నూనె పట్టించిన కొత్త మోకు వాసన తగిలింది. నా అరచేతులకు చెమట పట్టింది. కొనే పని లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇలాంటి చెమట గురించి నాకు తెలిసిందంతా మా పక్కింటి సుగుణక్క చెప్పిందే. ఆమె సిద్దిపేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గర నర్సుగా చేసేది. నిరుడు చనిపోయింది.

మాది కొండపాక వైపు ఊరు. నేను, మా తమ్ముడు మల్లేశం తాటిచెట్లు గీసి, కల్లు తీసి బతికేవాళ్లం. ఆరేళ్ల కింద చెట్టు మీద ఉండగా నడుముకు చుట్టుకున్న మోకు తెగి వాడు పడ్డాడు. కాలు విరిగింది. ఎనిమిది నెలల తర్వాత, ఇక చెట్టెక్కొచ్చని డాక్టరు చెప్పాడు. కాని మోకు చుట్టుకోగానే వాడు వణికిపోయేవాడు. మా ఇంట్లో ఒక పద్ధతుంది. పడ్డవాడు మళ్లీ మొదట ఎక్కాల్సింది పడ్డ చెట్టునే. అప్పుడే భయం వదులుతుందని మా తాతల నమ్మకం. ఒక పొద్దున కల్లుకొచ్చిన నలుగురి ముందే వాణ్ని ఆ చెట్టు దగ్గరికి తీసుకుపోయాను.

"ఏందిరా, కొత్త పెండ్లిపిల్ల లెక్క నిలవడ్డవ్? ఎక్కు!" అన్నాను. అందరూ నవ్వారు.

రెండు నిలువుల ఎత్తు ఎక్కి ఆగిపోయాడు. పైకి పోడు, కిందికి రాడు. చెట్టును కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. లాగు తడిసింది. నేను ఇంకా గట్టిగా అరిచాను.

డ్యూటీకి పోతున్న సుగుణక్క ఆ అరుపులు విని వచ్చింది. "శ్రీనూ, నోరు మూస్కొని అవతలికి జరుగు" అని, తలెత్తి మామూలుగా ముచ్చట పెట్టినట్టు అడిగింది.

"మల్లేశం, కండ్లు తెరువు బిడ్డా. నీ ఎడమ కాలు కింద ఏమున్నది?"

చాలాసేపటికి "బొడిపె" అన్నాడు.

"గరుకుగున్నదా, నున్నగున్నదా?"

"గరుకు."

"దాని కింద ఇంకోటుంటది. మెల్లగ ఎతుకు."

అట్లా ఒక్కో బొడిపె మీదుగా దింపింది. దిగినవాడు నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఆమె గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే వెళ్లాను. "కాలు మంచిగైందక్కా. వాడు నాటకాలాడుతుండు" అన్నాను.

"కాలు మంచిగైంది. మెదడుకు ఎవరు చెప్పాలె? లోపట బాదం గింజంత జాగ ఒకటుంటది. ఆపతి అనిపిస్తే ముందుగాల గదే లేస్తది. ఆలోచన చేసే భాగం తెలివికొచ్చేసరికే చేతులు చెమట పడ్తయి, కాళ్లు బిగుసుకపోతయి. గది వాని ఇష్టం కాదు."

"నేను ధైర్యమే చెప్పిన గదా."

"ధైర్యం చెప్పినవా? తిట్టినవ్. ఇప్పుడు వానికి చెట్టే కాదు, నీ గొంతు గూడ ఆపతే."

ఆమె తుంచడం ఆపి అడిగింది: "గంత కోపం నీకు యాడికెల్లి వస్తుందిరా?"

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిది. పడడానికి వారం ముందే మోకు పురి సడలిందని వాడు నాకు చూపించాడు. "ఈ ఏడు నడుస్తది పో" అన్నది నేను. వాడు మళ్లీ చెట్టెక్కితే నా తప్పు మాఫీ అయినట్టే అనుకున్నాను. ఎక్కకపోతే రోజూ దాన్ని చూడాలి. నా కోపమంతా ఆ భయమే.

"నాకు చెప్తే ఏమొస్తది? పోయి వానికి చెప్పు" అంది.

చెప్పడానికి పది రోజులు పట్టింది. మల్లేశం విని, "నాకు ఎరుకనే అన్నా. నువ్వెప్పుడు చెప్తవా అని చూస్తున్న" అన్నాడు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. మళ్లీ చెట్టెక్కలేదు. పాల కేంద్రంలో పనికి కుదిరాడు.

కాని ఒప్పుకున్నంత మాత్రాన చేసింది చెరిగిపోదు. పోయిన ఆదివారం మా ఇంట్లో అన్నం తింటుంటే నా బిడ్డ చేతిలోంచి చెంబు జారింది. అరవబోయి ఆపుకున్నాను. నా నోరు ఇంకా తెరుచుకోనేలేదు, పక్కన మల్లేశం భుజాలు అప్పటికే చెవుల దాకా లేచాయి. అవి దిగేదాకా నేనేమీ మాట్లాడలేదు.