పాతర మీద కంప

చూసినదీ విన్నదీ కలిపి రాసే అలవాటు నాకు లేదు. అందుకే ముందే చెబుతున్నాను: అమ్మ పాతరలో పడడం నేను చూడలేదు. ఆమెను మంచం మీద మోసుకొచ్చి మా వాకిట్లో దించాక చూశాను. ఎడమ కాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయి ఉంది. చీర కుచ్చిళ్లలో నల్లబడ్డ జొన్నలు ఇరుక్కుని ఉన్నాయి. పుల్లటి వాసన వచ్చింది.

పోలీసు చర్య జరిగిన తరువాత వచ్చిన మొదటి పుష్యమాసం అది. మాది ఆలేరుకు దక్షిణంగా ఉన్న పల్లె. అమ్మ పటేలు కల్లంలో కూలి చేసేది. ఆ రోజు పటేలు భార్య ఆమెను గడ్డివాము వెనక నుంచి ఎద్దులకు గడ్డి తెమ్మని పంపింది. అక్కడ నేల మీద పరిచిన గడ్డి కింద ధాన్యం దాచే గొయ్యి ఉంది. దాన్నే పాతర అంటారు. పైన వేసిన చెక్కలు పుచ్చిపోయి ఉన్నాయి. ఈ నాలుగు మాటలూ అమ్మ చెప్పినవి.

పాతరల గురించి అప్పట్లో ఎవరూ పైకి మాట్లాడేవారు కాదు. పగలు లెవీ గల్లా, అంటే సర్కారుకు కట్టాల్సిన ధాన్యం, వసూలుకు వచ్చేవాళ్లు, చీకటిపడ్డాక కమ్యూనిస్టు దళం వాళ్లు, ఇద్దరూ వెతికేది వాటికోసమే. పక్క ఊళ్లో మిలిటరీ కూడా దిగింది. ఎవరి మాట ఎవరికి చేరుతుందోనని ఊరంతా ఒకరి నోటివంక ఒకరు చూస్తుండేది. అమ్మను పలకరించడానికి వచ్చిన పక్కింటామె కూడా గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. గడ్డికే పోయినవా? పాతరేడున్నదో చూసి రమ్మని దళపోళ్లేమన్న పంపిండ్రా?"

"నన్ను అడిగి రమ్మని నిన్నెవలు పంపిండ్రే?" అంది అమ్మ. పక్కింటామె మళ్లీ రాలేదు.

పొద్దుగూకే లోపల పటేలు మాట ఊరంతా పాకింది. తన కల్లంలో పాతర లేదట. అమ్మ దొంగతనానికి గోడెక్కి, పడి, కాలు విరగ్గొట్టుకుందట. ఆమెను పైకి లాగిన పటేలు జీతగాళ్లిద్దరూ మేమేమీ చూడలేదన్నారు. ఆ మాటే నిలబడితే కాలుతో పాటు కూలి కూడా పోతుంది. దొంగ అని పేరు పడ్డ మనిషిని ఎవరూ తమ కల్లంలోకి రానివ్వరు. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, వెళ్లి పెద్దమనుషుల కాళ్లు పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున వాళ్లు కల్లానికే వచ్చారు. కాలికి వెదురు బద్దల కట్టుతో అమ్మ కూడా మంచం మీదే వచ్చింది. ఇక్కడి నుంచి నేను కళ్లారా చూసిందే రాస్తున్నాను. గడ్డివాము వెనక గొయ్యి లేదు. రాత్రికి రాత్రే పూడ్చేశారు. కానీ కొత్త మట్టి చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. పాతర తెరిచినా, పూడ్చినా, మట్టి గట్టిపడేదాకా పశువు అటు పోకుండా కంప వేయడం మా వైపు ఆనవాయితీ. అది అలవాటుగా ఒక జీతగాడు వేశాడో, కావాలనే వేశాడో నేను తేల్చుకోలేకపోయాను.

పెద్దమనుషుల్లో గొర్రెలు కాసే ఇళ్ల పెద్ద ఒకడు ఉన్నాడు. ఆ ముసలాయన అడిగాడు.

"గీ కంపెందుకు పటేలా?"

"ఏపచెట్టు పెట్టిన."

"ఏదీ చెట్టు?"

"గింజ పెట్టిన. ఇంక మొలవలే."

"మొలవని చెట్టును నా గొర్లు మేస్తయని గింత భయమా?"

జనం నవ్వారు. పటేలు నవ్వలేదు. "కంప జరిపి తవ్వి చూడుండ్రి," అన్నాడు బాపు. "నా జాగల గడ్డపార దించుడేంది?" అని పటేలు అరిచాడు. ముసలాయన వెంటనే "వద్దులే, తవ్వొద్దు" అన్నాడు. ఈయన కూడా పటేలు మనిషేనని నాకు అనుమానం వచ్చింది. ఆయన జీతగాడి వైపు తిరిగాడు.

"గా కంప తీసి, ఎద్దులను గీ మట్టి మీదికెళ్లి తోలురా."

జీతగాడు పటేలు మొహం చూశాడు.

"వద్దురా! దిగబడి కాళ్లిరుగుతయ్!" అన్నాడు పటేలు.

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. ఎవరూ నవ్వలేదు. మంచం మీంచి అమ్మ మాట్లాడింది.

"ఎద్దు కాలు ఇరుగుతదని తెల్సు గద పటేలా. గీ కంప నిన్న ఏస్తే నేను అటు పోదునా?"

పటేలు తలపాగా సర్దుకుని, పాపం ఆడమనిషని జొన్నలిస్తానన్నాడు. కాలు కుదిరేదాకా ఇస్తాడట. పాతర మాట మాత్రం ఎవరూ ఎత్తొద్దట. పెద్దమనుషులు సరేనన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

"పాపమని ఇస్తే నాకొద్దు," అంది అమ్మ. "గడ్డికి మీ ఇంటోళ్లే పంపిండ్రని చెప్పి ఇయ్యి."

"ఊకోయే," అన్నాడు బాపు మెల్లగా. అమ్మ ఊరుకోలేదు.

"పంపినం," అన్నాడు పటేలు నేల చూస్తూ.

"ఆ ఎనకున్నోళ్లకు ఇనబడలే."

"మేమే పంపినం! దొంగతనానికి రాలే! చాలా?"

సాయంత్రం వచ్చిన జొన్నల బస్తాలో బాపు చెయ్యి పెట్టి వాసన చూశాడు. "పాతర లేదన్నోని జొన్నలు పాతర వాసనొస్తున్నయ్," అన్నాడు. అమ్ముడుపోనివి మాకు అంటగట్టారని ఆయన అనుమానం. అమ్మ వాటిని మా చేత కడిగించి, ఎండబోయించి, తిరగలిలో విసిరించింది.

ఉగాది దాటాక అమ్మ కుంటుతూ మళ్లీ అదే కల్లానికి కూలికి పోయింది. ఎవరూ వద్దనలేదు. చేతి కర్రతో పొడిచి చూడకుండా గడ్డి మీద అడుగు వేసేది కాదు. పటేలు అటుగా వస్తే ఇంకా గట్టిగా పొడిచేది.